భయపడేవాని మాటకే బరువు

నిన్న పొద్దున మా మాస్టర్ పోయాడు. సూరత్ పక్కన ఉధ్నాలోని మరమగ్గాల కార్ఖానాలో నాకు గుడ్డలో తప్పులు పట్టడం నేర్పిన మనిషి. ఆయన కొడుకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అన్నా, నాయిన లేడు" అన్నాడు. ఏడుపు రాలేదు, భయమేసింది. కరోనా అంటే కాదు. ఆయన చెప్పాల్సిన జవాబు ఇక నేను చెప్పాలి.

మా సేటుకు మిలటరీ పారాచూట్ గుడ్డ ఆర్డర్ వచ్చేలా ఉంది. దానికి కొత్త మగ్గాలు కొనాలి. ఒక రకం వేగంగా నేస్తుంది. రెండోది నిదానం, కానీ సన్నని పోగు తెగినా టక్కున ఆగుతుంది. లాభం సంగతి సేటే చూసుకున్నాడు, అందులో వేగమే గెలిచింది. డబ్బులోకి రాని మేలు దేనిలో ఎక్కువో తేల్చమని మాస్టర్‌కు అప్పగించాడు.

ఆయన ఆ రెండు మగ్గాల నమూనా గుడ్డలు బల్ల మీద పరిచి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచాడు. కళ్లు ఎంత అలిసినయి, తప్పు పడితే ఏ మగ్గానిదో దొరుకుతదా అని అడిగి మార్కులు వేశాడు. చివర ఒకటే ప్రశ్న. "గీ గుడ్డ కట్టుకొని ఇమానంలకెళ్లి దుంకుతవా?"

వేగంగా నేసిన గుడ్డను చూసి, "దుంకుత మాస్టర్, ఏమైతది" అన్నాను. నా మాటకు సున్నా పెట్టాడు.

"భయపడెటోని మాటకు ఎక్కువెయ్యాలెరా. వాడే జర సక్కగ సూస్తడు."

నా పరువు తీశాడని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ మార్కులు కూడకముందే రెండో వేవ్ వచ్చి ఆయన్ను మంచాన పడేసింది, తేల్చే పని సేటు నా మీద వేశాడు.

నిదానందే కొనమంటే సేటు ఆర్డరే వదులుకోవచ్చు. సగం మంది ఊళ్లకు పోగా మిగిలిన మా అందరి ఆశా దాని మీదే. వేగందే కొనమంటే, రేపు ఎవరి కన్నకొడుకో ఆ గుడ్డకు వేలాడతాడు. మొన్న ఫోన్‌లో ఆయన్నే అడిగాను, "ఏది చెప్పాలె మాస్టర్?"

"నీకు భయమైతుందా?" ఊపిరి అందడం లేదు ఆయనకు.

"మస్తయితుంది."

"అయితే నువ్వే చెప్పు."

నిన్న మధ్యాహ్నం శ్మశానం గేటు బయట నిలబడి ఉండగా, ఏది కొనాలో చెప్పమని సేటు ఫోన్ చేశాడు. "బోలో భాయ్, కౌన్సా లేనా హై?"

"స్లో వాలా, సేట్."

"క్యూఁ?"

"డర్ లగ్తా హై." భయమేస్తోందని ఆయన భాషలోనే చెప్పాను.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గేటు సందులోంచి చూశాను. లోపల, మొత్తం గుడ్డ తానులో తెగిన ఒక్క పోగును పట్టుకునే మనిషిని, పోగన్నదే లేని ప్లాస్టిక్‌లో చుట్టి అంబులెన్స్‌లోంచి దించుతున్నారు.