దీర్ఘం లేని పేరు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. అది రాయడం నా వల్ల కాదు.

అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి దగ్గర మాకు ఒకప్పుడు చాలా భూమి ఉండేది. మా తాత ఎదురొస్తే జనం చెప్పులు చేతబట్టుకుని పక్కకు నిలబడేవారట. బోర్లు ఎండిపోయాయి. భూమి అమ్ముడుపోయింది. నా వంతుకు వచ్చేసరికి మిగిలింది ఇంటిపేరు, కొన్ని కట్టుబాట్లు. అందులో ఒకటి, మా ఆడవాళ్ల ఒంటి మీద పచ్చబొట్టు ఉండకూడదు. అది కూలికి పోయేవాళ్లకు, గొర్రెలు కాసేవాళ్లకు అనేవారు మా నాయన.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. ఒకసారి తిరునాళలో పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు కూర్చుని, ఎడమ చెయ్యి చాపి, నా పేరు పొడవమంది. ఆమెకు చదువు రాదు. "నువ్వే రాయి నాయనా, గీతల మీదనే పొడుస్తా" అని పెన్ను నాకిచ్చింది. నాకు అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి. అక్క చేతి మీద నా పేరు రాశాను. రెండో అక్షరానికి దీర్ఘం మరిచిపోయాను. అక్క చూసి నవ్వింది. "ఉండనీలే" అంది. సూదులు దిగుతున్నంతసేపూ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ సాయంత్రం నాయన అక్కను చేతికందిన దానితో కొట్టారు. ఆ తర్వాత మండే ఎండల్లో కూడా అక్క మణికట్టు దాకా ఉండే జాకెట్లే వేసుకుంది.

మా అంతస్తుకు తగిన సంబంధం రాలేదు. తగని సంబంధాన్ని నాయన గడప తొక్కనివ్వలేదు. చివరిసారి బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. ఆ బోరు లారీతో వచ్చిన పనివాడితో అక్క వెళ్లిపోయింది. బళ్లారి వైపు గొప్పింటికి ఇచ్చామని ఊళ్లో చెప్పుకున్నాం. ఊరు నమ్మిందా? నమ్మినట్టు ఊరుకుంది. మాకు అది చాలింది.

నాయన పోయాక కొన్నేళ్లకు నాకు పోలీసుల కబురు వచ్చింది. అనంతపురంలో కట్టడం పని చేసే ఒకామె జ్వరంతో చనిపోయిందట. వెంట ఎవరూ లేరట. చేతి మీది పేరు నాదట. వెళ్లాను. ఆసుపత్రిలో కానిస్టేబుల్ గుడ్డ తొలగించాడు. ముఖం బాగా పీక్కుపోయింది. అరచేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. ఎడమ చేతి మీద నా చేతిరాత.

"ఏమన్నా, మీ మనిషేనా?"

"కాదప్పా. మా ఇండ్లల్లో ఆడోళ్లకు పచ్చబొట్టు ఉండదు."

"సరిగ్గా చూడన్నా. మాది యాడికి అని చెప్పిందంట. ఆడ ఈ పేరు మీకొక్కరికే ఉండాదంట."

"నువ్వే చూడు. దీర్ఘం యాడుండాది? నా పేరు అట్ల రాయరు."

అతను వంగి చూశాడు. నవ్వాడు. "అవునన్నా, లేదు. పొడిచినోళ్లకు సదువు రాదేమో. పెద్దింటోళ్లు, మీరెందుకు అబద్ధం చెప్తారులే. పోయిరా."

నిటారుగా నడిచి బయటికి వచ్చాను. బస్సెక్కాను. ఆమెను ఎవరు తీసుకుపోయారో, పూడ్చారో కాల్చారో అడగలేదు. ఇప్పటికీ తెలియదు. ఎందుకు కాదన్నాను? శవాన్ని ఊరికి తెస్తే, పెద్దింటి ఆడబిడ్డ సిమెంటు తట్టలు మోసిందని వీధి మాట్లాడుకుంటుందని. నిజంగా అంతేనా? అంతే. ఇంకేదైనా కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను, నాయన మాట కాపాడాననీ అక్క పరువే కాపాడాననీ నాకు నేను చెప్పుకున్నాను, ఏదీ ఒక పూట కూడా నిలవలేదు. కాపాడటానికి ఆ ఇంట్లో ఏం మిగిలి ఉంది? పైకప్పు కూడా సగం కూలింది. అక్క బాగుండాదా అని ఊళ్లో ముసలివాళ్లు ఇంకా అడుగుతారు. బాగుండాది అంటాను.

ఈ మధ్య నా కూతురు పచ్చబొట్టు వేయించుకుని వచ్చింది. మణికట్టు మీద చిన్న పిట్ట. ఇప్పుడు అది ఫ్యాషన్. "తిడతావనుకుంటి నాయనా" అంది. నేను తిట్టకపోయేసరికి ధైర్యం వచ్చి, "మన ఇంట్లో ఇంతకు ముందు ఎవరికన్నా ఉండిందా?" అని అడిగింది.

లేదన్నాను.

తడబడలేదు. ఆలోచించలేదు. ఆ మాట అంత సులువుగా వచ్చినందుకే నాకు భయమేసింది. అందుకే ఇది రాస్తున్నాను. నా కూతురికి చెబుతానా? చెప్పను. నాకు తెలుసు, నేను అంత మనిషిని కాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే మాత్రం దాన్ని ఎవరికి చేరవేయను? నాకు కావలసింది ఒక్కటే, ఆ మాట ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, నా నోటితో అనడం.

మా మనిషే. మా అక్క.