చిన్నాయన వేళ్లు, కోత మిషను రబ్బర్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత మర్యాద అందుకున్నది మా చిన్నాయన చెట్ల కోత మిషనే. మస్కట్‌లో కూలి పని చేసి తిరిగొస్తూ తెచ్చుకున్నాడు దాన్ని. ఎల్లారెడ్డి ఊరి చుట్టుపక్కల ఏ గెట్టు మీద తుమ్మ కొట్టాలన్నా, వేప కొట్టాలన్నా ఆయనకే కబురొచ్చేది.

పొద్దుగూకి ఇంటికొచ్చాక అన్నం సంగతి తర్వాత. ముందు గోనెపట్టా పరిచి మిషను విప్పేవాడు. గొలుసు పండ్లను ఒక్కొక్కటీ ఆకురాయితో రుద్దేవాడు, గాలి పీల్చే జాలీలో ఇరుక్కున్న పొట్టును పాత బ్రష్షుతో దులిపేవాడు. పనిలో వేడెక్కి సాగిన గొలుసు చల్లారితే బిగుసుకుపోతుందని కాస్త వదులు చేసి పెట్టేవాడు. "బువ్వ సల్లారుతున్నది. ఆ మిషన్‌నే లగ్గం చేసుకోకపోయినవ్" అని మా నానమ్మ దెప్పేది. ఆయన నవ్వుతూనే ఇంకో పన్ను రుద్దేవాడు.

ఆయన దగ్గర ఒక గారడీ ఉండేది. మరిగే చాయ్ పోసిన స్టీలు గ్లాసును ఉత్త వేళ్లతో పట్టుకుని, తొణక్కుండా అలాగే నిలబడేవాడు. పిల్లలమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. చలికాలం పొద్దున ఆ వేళ్లే సున్నం పూసినట్టు తెల్లబడేవి. అదీ గారడీలో భాగమే అనుకున్నాం, ఏం తెలుసు మాకు!

ఆయనకు కూతురు పుట్టింది. తొట్టెల పండుగ అయిన మర్నాడు, పాపకు నీళ్లు పోయడానికి మా నానమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నీళ్లెట్లున్నాయో చూడమంది. చిన్నాయన బకెట్లో చెయ్యి ముంచి, "గోరువెచ్చగనే ఉన్నయవ్వా, పొయ్" అన్నాడు. నానమ్మ చెంబు ముంచి, అలవాటు కొద్దీ ముందు తన మోచేతి మీద పోసుకుంది. కెవ్వుమని చెంబు విసిరేసింది. ఆమె చెయ్యి ఎర్రగా కందిపోయింది.

పాప మీద చుక్క పడలేదు. చిన్నాయన మళ్లీ బకెట్లో చెయ్యి పెట్టి చూశాడు. "నాకు తెల్వలేదవ్వా" అన్నాడు మెల్లగా. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నాడు గాని విప్పలేదు. నేను పక్కన చేరాను. పిడి పట్టుకుని ఊపితే లొటలొటలాడింది. ఇంజను అదురు చేతులకు తగలకుండా ఆపే రబ్బర్లు ఉంటాయి అక్కడ. అవి చిరిగిపోయి ఎన్నాళ్లయిందో! "గొలుసు తెగితే పని ఆగుతది బిడ్డా. గందుకే ఎమ్మటే తెచ్చి ఏసిన. రబ్బర్లు పోతే మిషన్ ఆగదు. అదురు నా చేతులకే గద, రేపు జూస్తమని ఊకున్న" అన్నాడు.

తర్వాత కామారెడ్డి పోయి కొత్త రబ్బర్లు తెచ్చి వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. కూతురు నడక నేర్చాక, తన వేలు పట్టుకుందో వదిలేసిందో కిందికి చూస్తే గాని ఆయనకు తెలిసేది కాదు.

కామారెడ్డిలో నాకిప్పుడు కోత మిషన్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. ఎవరు మిషను తెచ్చినా దాన్ని పక్కన పెట్టి, ముందు చేతులు చూపించమంటాను. తిమ్మిరి పడుతున్నాయా, చలికి తెల్లబడుతున్నాయా అని అడుగుతాను. "మిషన్ ఖరాబైతే నా చేతులు జూస్తవేందే" అని నవ్వుతారు. నవ్వనీ. అంతమందిమి ఒకే ఇంట్లో ఉండి, మా చిన్నాయనను ఆ మాట ఒక్కరమూ అడగలేదు.