బియ్యం మిల్లు నుంచి వచ్చిన ఉత్తరం

పాప పుట్టిన ఏడాది నేను భయపడని విషయం లేదు. దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం. ఆ భయాల వరసలోకి బియ్యం మిల్లు ఉత్తరం కూడా వచ్చి చేరింది.

తణుకు వైపు కాలవ గట్టున కొందరు వాటాదారులు కలిసి పెట్టిన మిల్లు అది. బాలసారె నాడు మా నాన్నగారు ఆ మిల్లు వాటాలు పది తెచ్చి, "దీని చదువుకి" అని నా ఒళ్ళో పెట్టారు. నన్ను మద్రాసు కాలేజీకి పంపి ఊరందరి చేతా మాటలు పడ్డ మనిషి ఆయన. ఆ వాటాలు పోగొడితే ఆయనకు ముఖం ఎలా చూపించను?

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. కొత్త ఇంజను కొంటున్నారట. రెండు పాత వాటాలున్న వారికి ఒక కొత్త వాటా, యాభై రూపాయలకే ఇస్తారు. నెలాఖరులోగా సంతకం చేసి పంపాలి. వద్దనుకుంటే ఆ హక్కును వేరొకరికి రాసివ్వవచ్చు. నాకు బోధపడింది ఒక్కటే, ఎనభై పలికే నా వాటాని వాళ్ళు యాభైకి పంచిపెడుతున్నారు. అనుకున్నట్టే వారం తిరగకుండా ధర డెబ్బైకి దిగింది. కోర్టు నుంచి వస్తూ మా వారే ఆ కబురు తెచ్చారు.

"మిల్లు మునుగుతోందండీ. పదీ అమ్మేయండి," అన్నాను.

"లెక్కలు చదివింది నువ్వు. నన్నడుగుతావేంటి?" అని ఆయన నవ్వుతూ తలపాగా తీసి చిలక్కొయ్యకి తగిలించారు.

అరుగు మీద పాపకు ఆముదం రాస్తున్న మా అత్తగారు తలెత్తారు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. పుట్టిల్లు గోదావరి మధ్య లంక.

"ఉత్తరంలో ఏముందో తెలుగులో చెప్పమ్మాయ్," అన్నారు. చెప్పాను.

"ఓసి పిచ్చిదానా, ఇది మా లంక మేటే కదా! వరద తీశాక లంకకి కొత్త నేల కలుస్తుంది. రెండెకరాల వాడికి ఒక ఎకరం వంతు. రెల్లు కొట్టించే ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలి. చవగ్గా నేల కలిసింది కాబట్టి ఆ ఏడు పాత ఎకరం రేటూ దిగుతుంది. అంతమాత్రాన ఎవరైనా లంక అమ్ముకుంటారా?"

"ఖర్చు పెట్టుకోలేని వాళ్ళో?"

"వంతు పక్కవాడికిచ్చి డబ్బు పుచ్చుకుంటారు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడే నష్టపోతాడు."

పలక తెచ్చుకుని కూర్చున్నాను. రెండు ఎనభైలు, ఒక యాభై. మొత్తం రెండువందల పది. మూడు వాటాలకు పంచితే ఒక్కొక్కటి డెబ్బై. ధర పడిపోలేదు, కొత్త వాటాతో కలిసి సర్దుకుంది. డెబ్బై వాటా యాభైకి వస్తోంది కాబట్టి ఆ హక్కు ఒక్కోటి ఇరవై రూపాయలు. గడువు దాటనిస్తే నా పది వాటాల మీదా ఏకంగా వంద రూపాయలు పోయేవే!

నాకు అయిదు కొత్త వాటాల హక్కుంది. నా దగ్గర దాచుకున్నది వంద. అది రెండింటికే సరిపోతుంది.

"మిగతా మూడూ నాకు రాసివ్వు," అన్నారు అత్తగారు. "ఇంజనొస్తే ఆ మిల్లు బాగుపడుతుంది. హక్కుకి పదిహేను ఇస్తాను."

"ఇరవై అండి."

"మనలో మనకి బేరమేంటే?"

"లంకలో పక్కవాడికి ఊరికే ఇస్తారా అండి?"

లోపల మా వారు పెద్దగా నవ్వడం వినిపించింది. అత్తగారు "నేర్పినందుకు నాకే తగిలింది," అంటూ లేచి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి అరవై తెచ్చి నా చేతిలో పోశారు.

కాగితం మీద నేను సంతకం చేశాను. నా సంతకం కింద ఆవిడ వేలిముద్ర వేశారు. చేతికి ఆముదం ఇంకా ఉన్నట్టుంది, ముద్ర చుట్టూ నూనె మరక పాకింది. మిల్లువాళ్ళు తిరగ్గొడతారేమోనని, రసీదు వచ్చేదాకా నాకు మళ్ళీ భయమే.