గీత అవతల ఆగిన పడవ

2024 జనవరి. సిద్దిపేటలో మొబైల్ రిపేరు షాపు పైన కిరాయికి తీసుకున్న ఒక గది. అందులో రెండు కంప్యూటర్ తెరలు, ఒక కుర్చీ, నేను. నా పని సముద్రం మీద తిరిగే చిన్న పడవలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరిహద్దు దాటించడం. సిద్దిపేట నుంచి ఎటు పోయినా సముద్రం ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. కింద చాయ్ హోటల్ నడిపే యాదగిరికి ఇది ఎప్పుడూ నవ్వులాటే. "సారూ, గీ వారం ఎవల్నన్న కోమటిచెర్వు దాటిచ్చినవా?" అంటాడు చాయ్ గ్లాసు పెడుతూ. నేనూ ఊరుకోను. "నీ చాయ్ తాగినోన్ని గీ మెట్లు ఎక్కిచ్చుడే కష్టమైతుంది" అంటాను.

చాలా ఏళ్ళు పెద్ద ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా తిరిగి, ఇక చాలనుకుని ఇంటికొచ్చి పెట్టుకున్న పని ఇది. నేను దాటించేవి యాట్‌లు. యాట్ అంటే తెరచాప మీద నడిచే సొంత పడవ. అందులోనే వండుకుని, అందులోనే పడుకుని కొందరు దేశాలు చుట్టి వస్తారు. నేల మీద సరిహద్దు అంటే గేటు ఉంటుంది, పోలీసు ఉంటాడు. నీళ్ళ మీద ఏమీ కనబడదు. తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ళ దూరంలో, అంటే సుమారు ఇరవై రెండు కిలోమీటర్ల దగ్గర, ఒక గీత ఉందని అందరూ ఒప్పుకున్నారంతే. వస్తున్నామని ఆ గీత దాటకముందే తెలపాలి; ఆ నోటీసు, కాగితాలు పంపేది నేను. దాటాక పసుపు రంగు క్యూ ఫ్లాగ్ ఎగరేసి, అధికారులు పడవెక్కి చూసి ముద్ర వేసేదాకా ఎవరూ ఒడ్డున కాలు పెట్టకూడదు.

ఇంకొకటి ట్రాన్స్‌పాండర్. టిఫిన్ డబ్బా అంత పెట్టె. నేను ఫలానా పడవను, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను అని రేడియోలో ఆగకుండా చెబుతుంటుంది. చుట్టుపక్కల ఓడల తెరల మీద, తీరంలో కాపలా ఉన్నవాళ్ళ తెరల మీద ఆ పడవ ఒక చుక్కగా కనబడుతుంది. ప్రతి పెట్టెకూ ఎంఎంఎస్ఐ అనే నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు చూస్తే ఏ దేశపు పడవో తెలిసిపోతుంది.

ఆ జనవరిలో ఒక విదేశీ యజమాని తన కొత్త యాట్ పని నాకు అప్పజెప్పాడు. కొత్త అంటే ఆయనకు కొత్త. వేరే దేశపు ఆసామి దగ్గర కొన్నది. దాన్ని హిందూ మహాసముద్రం మీదుగా ఒక ద్వీప దేశానికి చేర్చాలి. ఆ దేశం పేరు, రేవు పేరు ఇక్కడ రాయను. పడవ కెప్టెన్‌తో మొదటిసారి ఉపగ్రహ ఫోన్‌లో మాట్లాడాను. ఎవరో ఆడపిల్ల గొంతు, ఇంగ్లీషు. కాసేపు వాతావరణం గురించి, కాగితాల గురించి మాట్లాడుకున్నాక ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"సార్, ఏమనుకోకున్రి. మీ ఇంగ్లీషుల సిద్దిపేట ఇనవడ్తుంది. మీదేడ?"

చాయ్ గ్లాసు పక్కన పెట్టాను. "సిద్దిపేటనే బిడ్డా. నీదేడ?"

"దౌల్తాబాద్ దిక్కు. పేరు స్వరూప. మా నాయిన తాళ్ళెక్కుతడు, కల్లు గీస్తడు."

అప్పటి నుంచి నేను 'సార్' కాదు, 'అన్న'. హాస్టల్‌లో చదువుకునేటప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్పడానికి పిల్లల్ని ఏరితే ఈమె పేరు వచ్చిందట. పడవ ఎట్లుంటదో తెలియదు గానీ ఎత్తంటే భయం లేదని తీసుకున్నారట. అక్కడ మొదలై, పరీక్షలు రాసి, ఎవరెవరి పడవల్లోనో పని చేసి, ఇప్పుడు మొదటిసారి కెప్టెన్ అయింది. తోడుగా పడవ పనికి ఒక్క డెక్‌హ్యాండ్. ఈ ప్రయాణం సాఫుగా ముగిస్తేనే రేపు ఇంకొకరు పడవ చేతికిస్తారు. సరిహద్దులో ఒక్కసారి పట్టుబడితే ఆ కబురు కెప్టెన్ కంటే ముందే రేవులన్నీ తిరుగుతుంది. మా వృత్తిలో చెడ్డపేరుకు తెరచాప అక్కర్లేదు.

నడిసముద్రంలో చిన్న పడవ సంకేతం మా తెరలకు సరిగ్గా అందదు. తీరం దగ్గరవుతున్న రోజు మధ్యాహ్నం ఆమె పడవ నంబరు కొట్టి చూశాను. ఏమీ రాలేదు. ఆమె చెప్పిన చోట వెతికాను. చుక్క ఉంది. కానీ పేరు వేరు, దేశం వేరు.

జరిగింది అర్థమై తల పట్టుకున్నాను. యజమాని పడవకు కొత్త పేరు రాయించాడు, కొత్త జెండా కట్టాడు, కాగితాలన్నీ మార్పించాడు. పెట్టె లోపలి నంబరు మాత్రం మరిచాడు. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కొని, రంగులేసి, ముందర దేవుడి పేరు రాయించి, నంబర్ ప్లేటు పాతదే ఉంచినట్టు. పడవలు కొనేవాళ్ళే చేయగల పొరపాటు ఇది. ఆ రకం పెట్టెలో నంబరు ఒక్కసారే వేసుకోవచ్చు. మార్చాలంటే కంపెనీ మనిషి ఒడ్డున చేయాలి. పైగా పాత ఆసామి ఆ నంబరును రద్దు చేయించుకున్నాడు. అంటే కాపలావాళ్ళ తెర మీద, వస్తానన్న పడవ జాడ లేదు. రద్దయిన నంబరుతో ఏదో పడవ మాత్రం వాళ్ళ తీరానికి వస్తోంది.

యజమానికి చెబితే నిమిషాల్లో జవాబు వచ్చింది. పెట్టె ఆపేయండి, చీకటి పడేలోపు రేవు చేరండి, అక్కడ మార్పిద్దాం. ఇది సలహా కాదని కూడా రాశాడు. మాట వినని కెప్టెన్‌తో తనకు పని లేదన్నాడు. ఆ దేశంలోనేమో చిన్న పడవలైనా ట్రాన్స్‌పాండర్ ఆపకూడదని నియమం. స్వరూపకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆపేస్తే ఎట్లైతదన్నా?"

"వాళ్ళ తెర మీద మాయమైతవ్. గా దారిలపొంటి పొయ్యే పెద్ద ఓడల తెర మీద సుత."

"ఆపకపోతే?"

"దొంగ నంబర్‌తోటి అస్తున్నవనుకుంటరు."

ఫోన్‌లో గాలి హోరు. ఆ హోరులోనే నవ్వింది. "ముందల నుయ్యి, ఎనక గొయ్యి అన్నట్టు. ఆపనన్నా నేను. మా నాయిన చెట్టెక్కే ముందుగాల కేకేస్తడు. మీదికెక్కినంక అందరి పెరండ్లు, తానాలు జేసే జాగలు కనవడ్తయి గదా. సప్పుడు జెయ్యకుంట ఎక్కినోన్ని దొంగంటరు. నేను కేకేసుకుంటనే అస్త. నంబరు తప్పైతే తప్పని నేనే జెప్త."

"నౌకరి?"

"పోతే పోనియ్యి. గిట్ల పోయిన నౌకరి ఇంకో కాడ దొరుకుతది. దొంగతనం పేరు పడ్డంక ఏడ దొరుకుతది?"

ఆమె చెబుతుంటే నేను రాశాను. మేము ఫలానా పడవ. మీ తెర మీద ఫలానా పేరుతో, ఫలానా నంబరుతో కనబడుతున్నది మేమే. నంబరు ఎందుకు తప్పయిందో ఇదీ కారణం. రేవు రాగానే మార్పిస్తాం. కొత్త రిజిస్ట్రేషన్, పాత ఆసామి అమ్మిన పత్రం, ఇద్దరి పాస్‌పోర్టులు జతచేసి రేవుకూ కోస్ట్‌గార్డ్‌కూ ఇమిగ్రేషన్‌కూ పంపాను. పంపి, హమ్మయ్య అనుకుని ఆమెకు ఫోన్ చేశాను. ఇక లోపలికి రమ్మన్నాను.

"జవాబు వచ్చిందా అన్నా?"

"పంపినం గదా! రూల్‌ల తెలపాలె అనే ఉన్నది. తెలిపినం. గాలి పెరుగుతుంది, రా లోపలికి."

"మనం పంపినం. వాళ్ళు ఇన్నరో లేదో తెల్వదు గదా. జవాబు రానియ్యి. నేను గీత అవతల్నే ఉంట."

నాకు కోపం వచ్చింది. దాచుకోను, మొండిదని తిట్టాను కూడా. ఆమె అప్పటికే పడవను హీవ్ టు చేసింది. అంటే తెరచాపలను ఒకదానికొకటి ఎదురు పెట్టి, గాలిలోనే పడవను దాదాపు నిలబెట్టడం. ఎగిసిపడే అలల మీద అది ఎంత ఓపికతో చేసే పనో పెద్ద ఓడల్లో తిరిగిన నాకు తెలుసు. తెర మీద ఆ చుక్క గీతకు ఇవతల కాలు పెట్టకుండా అక్కడక్కడే ఊగుతోంది. రేవుకు రేడియోలో ఆమె పిలుస్తోంది, జవాబు రావడం లేదు. నేను ఫోన్లు చేస్తున్నాను. ఆ రోజు అక్కడ ఏదో సెలవు, మోగుతున్నాయి గానీ ఎవరూ ఎత్తరు. ఒక కంటైనర్ ఓడ నేరుగా ఆమె మీదికే వస్తున్నట్టు కనబడింది. అది చాలా ముందుగానే పక్కకు తిరిగి దాటిపోయింది. నంబరు తప్పయినా చుక్క వాళ్ళకు కనబడింది. పెట్టె ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

కింద నుంచి యాదగిరి చాయ్ పంపాడు. అది చల్లారిపోయింది.

పొద్దు వాలుతుండగా కోస్ట్‌గార్డ్ అధికారి నుంచి ఫోన్ వచ్చింది. మర్యాదస్తుడు. ఉత్తరం చదివాము, కాగితాలు సరిపోయాయి, మా గస్తీ పడవ తోడు వస్తుంది, లోపలికి రావచ్చు అన్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. రద్దయిన నంబరు చూసి వాళ్ళ గస్తీ పడవ అప్పటికే బయల్దేరి ఉందట. దారిలో ఉండగా మా ఉత్తరం వాళ్ళ చేతికి వచ్చిందట. "మీ పడవ గీత దాటి ఉన్నా, తెర మీద ఆరిపోయినా మేము వేరేలా వెళ్ళేవాళ్ళం. మీ కెప్టెన్ అక్కడే నిలబడి మా కోసం చూస్తోంది. అది మాకు కనబడింది" అన్నాడు.

మరునాడు పొద్దున క్యూ ఫ్లాగ్ దిగింది, ముద్ర పడింది. పెట్టె నంబరు మారింది. యజమాని క్షమించమనలేదు, మెచ్చుకోనూ లేదు. తర్వాతి ప్రయాణానికి కెప్టెన్ పేరు రాసే చోట స్వరూప పేరే రాసి పంపాడు. ఆయన భాషలో అదే మెప్పు అనుకున్నాను.

ఆ ఎండాకాలం స్వరూప ఊరికొచ్చి, కల్లు తాగడానికి రమ్మని నన్ను పిలిచింది. పొద్దున్నే వెళ్ళాను. వాళ్ళ నాయిన మల్లేశం గౌడ్ సన్నటి మనిషి, మాట తక్కువ. ఇండ్ల వెనక ఉన్న పెద్ద తాడిచెట్టు దగ్గర మోకు నడుముకు వేసుకుని, ఒక కాలు మాను మీద పెట్టి, తల ఎత్తి గట్టిగా కేకేశాడు. "చెట్టెక్కుతున్ననోయ్!"

ఏదో పెరట్లో నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "జర్ర ఆగు మల్లేశన్నా!"

ఆయన ఆగాడు. కాలు మాను మీదే ఉంది, మోకు బిగుతుగానే ఉంది. పైకి చూడలేదు, ఇటు కూడా చూడలేదు. స్వరూప నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కేక గురించి నాకు చెప్పింది గానీ, ఈ ఆగడం గురించి చెప్పలేదు. ఆమెకు అది చెప్పాల్సిన సంగతిలా అనిపించి ఉండదు. ఆ రోజు ఆ పిల్లను నేను మొండిదని తిట్టింది ఇలా ఆగినందుకే.

కాసేపటికి అదే గొంతు. "ఆఁ, ఇగ ఎక్కు!"

అప్పుడు ఎక్కాడు.

అప్పటిదాకా నేను నోటీసు పంపితే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ కెప్టెన్ ఫోన్ చేసి పంపారా అని అడిగినా, పంపాను, జవాబు వచ్చేదాకా ఆగడానికి సిద్ధంగా ఉండు అని చెబుతాను.