భోజనాల బల్ల మీద మదర్‌బోర్డు

కంప్యూటర్ గురించి నాకు రెండే రెండు పనులు క్షుణ్ణంగా తెలుసు: విప్పడం, బిగించడం. ఆ రెంటికీ మధ్య అది ఏం చేస్తుందో ఇప్పటికీ సరిగా తెలియదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి, జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని బోరబండ నుంచి దిగిన నన్ను అమీర్‌పేటలో జనం ‘ఇంజనీర్ సాబ్’ అని పిలిచేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. ఎదుటివాళ్ళ సంతోషం చెడగొట్టడం నాకు ఇష్టం ఉండదు.

మైత్రీవనం ముందు నాలుగడుగులు వేస్తే చేతిలో పది కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పడే రోజులవి. ఆ కోర్సుల్లో ఒకదానికి పంజాగుట్ట నుంచి ఒక మేడం వచ్చేవారు. గుంటూరు వైపు కుటుంబం. పన్నెండేళ్ళు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పారు. ఆ బడి మూతపడ్డాక, నలభైకి దగ్గరపడుతూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నారు. టెస్టింగ్ అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమట. దానికి జీతం ఇస్తారని విని ఆశ్చర్యపోయాను. మా నాన్న నాకు అదే పని ఏళ్ళ తరబడి ఉచితంగా చేశాడు.

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే నాకే చెప్పేవారు. ఒక శుక్రవారం పొద్దున ఆమె ఫోన్ చేశారు.

“కంప్యూటర్ చచ్చిపోయిందండీ. సోమవారం ఇంటర్వ్యూ. ఇప్పటికి మూడు చోట్ల నా వయసు చూసే పంపించేశారు. వీళ్ళు ప్రాక్టికల్ పెడతారంట. ఈ రెండ్రోజులూ సాధన చేయకపోతే ఇక నేను వెళ్ళి ప్రయోజనం లేదు.”

వెళ్ళి విప్పాను. మదర్‌బోర్డు మీద నిలువుగా ఉండాల్సిన చిన్న చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్లు నాలుగు పూరీల్లా ఉబ్బాయి, ఒకటి పగిలి కారింది కూడా.

“బోర్డు ఖతం మేడం. కానీ ప్రాసెసర్ మంచిగనే ఉన్నది, ర్యామ్ మంచిగనే ఉన్నది, హార్డ్‌డిస్క్ మంచిగనే ఉన్నది. బోర్డొక్కటి మారిస్తె లేచి కూసుంటది. ఫికర్ చెయ్యకుండ్రి.”

తన ప్రాసెసర్‌కి ఏ బోర్డు సరిపోతుందో స్వయంగా చూడాలని ఆమె నోటుపుస్తకం పట్టుకుని నాతో బయలుదేరారు. దారిలో నేను పాఠం మొదలుపెట్టాను. మీ ప్రాసెసర్‌కి నాలుగువందల డెబ్బై ఎనిమిది కాళ్ళు, అన్ని కాళ్ళూ దూరే బోర్డే వెతకాలి, ఇప్పుడొచ్చే కొత్తవాటికి అసలు కాళ్ళే లేవు అని చెబుతుంటే ఆమె శ్రద్ధగా రాసుకున్నారు. పన్నెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి నేను పాఠం చెప్పడం! ఆ రోజు నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

అమీర్‌పేటలో దుకాణం భాయ్ మా ప్రాసెసర్ చూసి పెదవి విరిచాడు.

“అన్నా, గీ పాతదాని ఎంబడి ఎందుకు పడ్డవ్? కొత్త బోర్డు తీస్కో. దానికి కొత్త ప్రాసెసర్ తీస్కో. దానికి కొత్త ర్యామ్ తీస్కో.”

“మరి పాతదాంట్ల ఏం మిగుల్తది భాయ్? నేనొక్కణ్ణేనా?”

గొణుక్కుంటూ అటక మీద నుంచి ఒక బోర్డు దించాడు. పాతదానికన్నా కాస్త చిన్నది. దాన్ని దాని అట్టపెట్టె మీదే పరిచి, మా ప్రాసెసర్, ర్యామ్ పెట్టి, బటన్‌కి బదులు స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు తాకించాడు. తెర వెలిగింది.

“చూస్కోండ్రి. నడిపిచ్చి ఇస్తున్నం. మల్ల వాపస్ అంటె నడ్వదు.”

ఇంటికొచ్చి బోర్డును కేబినెట్‌లో బిగించి బటన్ నొక్కాను. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అర చుట్టే. బోర్డు పట్టుకుని అమీర్‌పేట పరుగెత్తాం. అట్టపెట్టె మీద పెట్టగానే తెర వెలిగింది. భాయ్ నవ్వాడు.

“బోర్డు ఫస్ట్ క్లాస్ ఉన్నది. మీ ఇంట్ల కరెంటే ఖరాబ్.”

మళ్ళీ పంజాగుట్ట. మళ్ళీ అర చుట్టు. నేను ఎర్తింగ్ అన్నాను, ప్లగ్గు అన్నాను, మూడు ప్లగ్గులు మార్చాను. మేడం అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసి, “ఏవిటి నాయనా, దిష్టి తగిలినట్టుందే,” అంటూ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కేబినెట్ చుట్టూ మూడుసార్లు తిప్పారు. నిజం చెప్పాలంటే, నా ఎర్తింగ్ మాట కంటే అదే నమ్మకంగా కనిపించింది.

మేడం గడియారం వైపు చూశారు. నేను నాలుగో ప్లగ్గు కోసం వంటింటి వైపు చూశాను.

“దుకాణంల మీ కండ్ల ముంగటనే పనిచేసింది కద మేడం!”

“ఆ మాట అనకండి. తప్పు చూపిస్తే ప్రోగ్రాం రాసినవాడు మొదట అనేది ఇదేనని మా కోర్సులో మొదటి రోజే చెప్పారు,” అని ఆమె నోటుపుస్తకం తెరిచారు. “అక్కడ అట్టపెట్టె మీద పెట్టారు. ఇక్కడా అట్టపెట్టె మీదే పెట్టండి. ఇంకేం మార్చకండి.”

భోజనాల బల్ల ఖాళీ చేశాం. అట్టపెట్టె మీద బోర్డు, పక్కన హార్డ్‌డిస్క్, విప్పి తీసిన పవర్ సప్లై, వైర్లు, అన్నీ విస్తరిలో వడ్డించినట్టు పరిచాను. పిన్నులు తాకించాను. వెలిగింది! అత్తగారు చప్పట్లు కొట్టారు.

నాకు అసలు తప్పు మాత్రం తెలియలేదు. అయినా మేడం, “ఇలాగే ఉంచేయండి, ముందు నా సాధన కానివ్వండి,” అన్నారు. ఒక్కటే చిక్కు. నాకున్నది ఒకే స్క్రూడ్రైవర్, అది ఇచ్చేస్తే నాకు పని లేదు. అత్తగారు లోపలికెళ్ళి పోపులపెట్టెలోని స్టీలు చెంచా తెచ్చారు. దాని కాడతో ఏ రెండు పిన్నులు తాకించాలో ఇద్దరికీ చూపించాను.

శనివారం ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. ఇంటిల్లిపాదీ నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేస్తున్నారు. బల్ల దరిదాపుల్లోకి నీళ్ళ చెంబు రాకూడదు, పులుసు అసలే రాకూడదు అని అత్తగారి ఆజ్ఞ. మేడం చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఆవిడే చెంచా తాకించి, పొయ్యి ముట్టించిన ధీమాతో కేకేశారు.

“అమ్మాయ్, వెలిగించాను, రా!”

ఆదివారం పొద్దున మళ్ళీ ఫోన్. “ఒకసారి రండి. మీ తప్పు దొరికింది.”

నోటుపుస్తకంలో ఒక పేజీకి అటూ ఇటూ రెండు బొమ్మలు గీసి పెట్టారు. ఒకవైపు బోర్డు, మరోవైపు ఖాళీ కేబినెట్.

“బల్ల మీద పనిచేస్తోంది, డబ్బాలో పనిచేయడం లేదు. అంటే తేడా డబ్బాలోనే ఉండాలి కదండీ?”

“అది ఉత్త రేకు డబ్బా మేడం. అదేం చేస్తది?”

“బోర్డు ఆనడానికి లోపల ఇత్తడి కాళ్ళున్నాయి. ఎన్నో లెక్కపెట్టండి.”

పెట్టాను. ఏడు. బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఆరు.

“ఏడోదానికి రంధ్రం దొరకలే మేడం. ఇడ్సిపెట్టిన.”

“వదిలేశారా! అది పాత బోర్డుకి పనికొచ్చిన కాలు. కొత్తదాని అడుగున ఎక్కడ గుచ్చుకుంటోందో చూడండి.”

బోర్డు తిప్పి చూశాను. సరిగ్గా ఆ చోట వరసగా టంకం చుక్కలు, వాటి మీద ఇత్తడి రాసుకున్న గీత. శుక్రవారం డబ్బాలో బిగించినప్పుడల్లా కరెంటు బోర్డులోకి వెళ్ళకుండా ఆ కాలు గుండా రేకులోకి దిగిపోయింది.

“నాలుగువందల డెబ్బై ఎనిమిది కాళ్ళ లెక్క చెప్పారు, ఏడు లెక్కపెట్టలేకపోయారా?” అన్నారు మేడం.

పట్టకారుతో ఆ ఏడో కాలు పీకేసి, బోర్డు బిగించి, బటన్ నొక్కాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. అత్తగారు మాత్రం కాస్త చిన్నబోయి, చెంచా కడిగి పోపులపెట్టెలో పెట్టేశారు.

సోమవారం లోపలికి వెళ్ళగానే ముగ్గురు కూర్చుని, ఈ వయసులో ఈ పని ఎందుకండీ అనే మొదలుపెట్టారట. తర్వాత ఒకాయన, మీరు స్వయంగా పట్టుకున్న తప్పు ఒకటి చెప్పండి అన్నాడు. కోర్సులో బట్టీ పట్టించిన ఉదాహరణలు పది ఉన్నాయి. ఆమె లేచి గోడ మీది తెల్లబోర్డు మీద ఆరు రంధ్రాలు, ఏడు కాళ్ళు గీశారు. అట్టపెట్టె, చెంచా, దిష్టి, మూడు ప్లగ్గులు, ఒక్కటీ వదలకుండా చెప్పారు. ‘దుకాణంలో మీ కళ్ళ ముందే పనిచేసింది’ అని నేనన్న చోట ముగ్గురూ పగలబడి నవ్వారట. ఆ తర్వాత పెట్టిన ప్రాక్టికల్ ఆమె గంట ముందే ముగించి ఇచ్చారు.

పది రోజులకు ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. మేడం స్వీట్ల డబ్బాతో నా దుకాణానికి వచ్చారు. దుకాణం అంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక స్టూలు. నా సంతోషం చూసి పక్క జిరాక్స్ అతను నాకే ఉద్యోగం వచ్చిందనుకున్నాడు. నేను రెండు లడ్డూలు ఒకేసారి తీసుకుని అన్నాను:

“మేడం, గా ఏడో కాలు నేను ఇడ్సిపెట్టకపోతె మీకు చెప్పుకోనీకి ఏముండె? మీ కొలువుల సగం నాదే.”

ఆమె డబ్బా మూత పెడుతూ నవ్వారు.

“సగమేంటండీ, మీలాంటివాళ్ళు ఉన్నంతకాలం మా టెస్టింగ్ వాళ్ళందరి ఉద్యోగాలకీ ఢోకా లేదు.”