పిరానా సారు

మొన్న ఆత్మకూరులో ఎముకల డాక్టరు గారి వరండాలో కూర్చుంటే వెనక గాలి మోటారు బుడబుడమంది. తిరిగి చూడకుండానే చేపల తొట్టి అని తెలిసింది. లేచి బయట ఎండలో నిలబడ్డాను. ఆ చప్పుడు వింటే నాకు రామ్మూర్తి సారు గుర్తొస్తారు.

ఉదయగిరి హైస్కూల్లో నేను కొత్తగా సైన్సు టీచరుగా చేరినప్పుడు ఆయన హెడ్మాస్టరు. ఒకసారి పిల్లలతో మైలుతుత్తం స్ఫటికాలు కట్టించబోయాను. అవి కట్టలేదు. కట్టినట్టు రికార్డులో రాశాను. సారు ఆ పుస్తకాన్ని నా ముందుకు తోశారు. "రాలేదని రాయవయ్యా. రానిది వచ్చినట్టు రాస్తే అది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు." ఆ సాయంత్రమే డైరీ మొదలుపెట్టాను. ఈనాటి వరకూ మానలేదు.

రిటైరయ్యాక ఇద్దరం ఆత్మకూరులోనే స్థిరపడ్డాం. భార్య పోయాక సారు గడప తొక్కే మనిషే కరువయ్యాడు. ఒకరోజు నన్ను పిలిపించి, "పిరానాను పెంచుతానయ్యా. తొట్టి నువ్వు సిద్ధం చెయ్యాల" అన్నారు. చదివి, రాసుకుని చేశాను. నాలుగడుగుల తొట్టి, అడుగున కడిగిన ఇసుక, చేప దాక్కోవడానికి నానబెట్టిన మొద్దు, ఎగరకుండా బరువైన మూత. మా బోరు నీళ్లు ఉప్పన కాబట్టి వాననీళ్లు పట్టి కలిపాము. నీళ్లు కుదురుకోవాలని నెలకు పైగా చేప లేకుండానే ఫిల్టరు నడిపాము. పక్కింటి మస్తానయ్య రోజూ తొంగిచూసేవాడు. "ఏంది సార్, నీళ్లను పెంచతా ఉండారా? మేత ఏమేస్తారు?" సారు పగలబడి నవ్వేవారు. ఆయన్ని అంత సంతోషంగా చూసింది ఆ నెలలోనే.

చేప నెల్లూరు నుంచి వచ్చింది. అరచేతిలో సగం ఉంది, పొట్ట ఎర్రన. ఇక బడి వదిలితే పిల్లలంతా సారు ఇంట్లోనే. ఆయన పటకారుతో కోడిమాంసం అందిస్తూ మాంసం చీల్చే దాని కత్తుల్లాంటి పళ్ల గురించి పాఠం చెప్పేవారు. ఊరు ఆయనకు పిరానా సారని పేరు పెట్టింది.

కంటి ఆపరేషనుకు వెళ్తూ సారు చేపను నాకు అప్పజెప్పారు. మూత తీసి అద్దం తుడుస్తుంటే నా జేబులోంచి ఒక చెనక్కాయ నీళ్లలో పడింది. చేప దాన్ని పటుక్కున కొరికింది. అప్పుడు చూశాను పళ్లు. కత్తుల్లా లేవు, మన దవడపళ్లలా బల్లపరుపుగా ఉన్నాయి. చేపల బజారుకు పోయి రూప్‌చంద్ అనే ఎర్రపొట్ట చేప నోరు తెరిపించి చూశాను. అవే పళ్లు. సారుది పిరానా కాదు, కూరకు అమ్మే చేప. కిలో దాటి పెరుగుతుంది, దానికి చెరువు కావాలి. చూసిందంతా డైరీలో రాశాను.

సారు రాగానే ఆ పేజీ చూపించాను. నల్లద్దాలు తీసి రెండుసార్లు చదివారు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్. చేపల చెరువు వాళ్లకు ఇచ్చేద్దాం. పెరిగితే ఇందులో మసలలేదు."

"పిల్లోళ్లు వస్తా ఉండారు. వాళ్లకేం చెప్పేది? కూర చేపను చూపించి పాఠం చెప్పినానని చెప్పేదా?" డైరీ నా ముందుకు తోసి, "ఆ కాయితం చించెయ్" అన్నారు.

చించాను.

ఏడాది తిరిగేసరికి చేప పక్కకు తిరగబోతే మూతి ఒక అద్దానికి, తోక ఇంకో అద్దానికి కొట్టుకునేది. మూతి పుండు పడింది. ఒక ఉదయం వెల్లకిలా తేలింది. వచ్చిన పిల్లలతో సారు, "పిరానాలు మన ఎండలకు ఆగవురా" అన్నారు. "ఏమయ్యా?" అని నావైపు చూశారు. నేను తలూపాను.

సారు పోయి రెండేళ్లయింది. ఆయన మీద కోపం తగ్గలేదు, నా మీద అంతకన్నా తగ్గలేదు. అప్పుడప్పుడు పాత డైరీలు తీస్తాను. చించిన ఆ ఒక్కటి తప్ప తేదీలన్నీ వరుసగా ఉన్నాయి. కానీ ఏ పేజీ చదివినా, ఇది కళ్లతో చూసి రాశానా, ఎవరి మొహమో చూసి రాశానా అని తేల్చుకోలేక మూసేస్తాను.