నాయనమ్మ చెంచా ఎత్తేదాకా

"పిల్లకి ప్రత్యేకంగా గది ఇస్తున్నా తప్పేనా, నామ్ టీచర్? ఏసీ పెట్టించా, సోఫా వేయించా. ఇంకేం కావాలి?"

"గది ఎవరడిగారండీ? భోజనాల హాల్లో బోరంకి కుర్చీ ఉంది. స్నేహితుల మధ్యలో ఉంది."

"అందరి ముందూ చొక్కా ఎత్తి పొట్టకి సూది పొడుచుకోవాలా? చూసేవాళ్లేమనుకుంటారు?"

"చూసేవాళ్లు చూసే కదా సార్, మనకి ఈ ఫలకం ఇచ్చింది!"

నిచ్చెన మీద జుహ్యోక్ డ్రిల్లింగ్ మిషన్ ఆపేశాడు. గేటు స్తంభానికి సగం బిగించిన ఆ ఇత్తడి ఫలకం మీద 'షుగరున్న పిల్లల్ని బాగా చూసుకునే బడి' అని ఉంది. కొరియా రేవు పట్నం యోసులో ఆ గుర్తింపు దక్కిన బడి అదొక్కటే. కింద, దాన్ని తెచ్చిపెట్టిన మనిషీ, గేటుకి తగిలించుకుంటున్న మనిషీ పోట్లాడుకుంటున్నారు.

"నీ పని నువ్వు కానివ్వవయ్యా!" అని ప్రిన్సిపల్ గూ పైకి చూసి కసిరాడు.

జుహ్యోక్ కాలేజీ మధ్యలో మానేసి బాబాయి ఫ్లెక్సీల షాపులో చేరినవాడు. ఆ చుట్టుపక్కల అతను నిచ్చెన వేయని బడి లేదు. బళ్లంటే అతనికి గిట్టదు. కానీ ఈ బడి ఆరోగ్య గదిని చూసుకునే నామ్ ఒక్జు టీచరంటే మాత్రం గౌరవం. ఒకసారి రేకు తగిలి అతని వేలు తెగితే, ఆమె కట్టు కట్టి భోజనానికి కూడా తీసుకెళ్లింది. ఆ రోజే అతను బోరం బల్లను చూశాడు.

పెద్దవాళ్లు చెంచా ఎత్తందే చిన్నవాళ్లు ముట్టుకోకూడదని అక్కడ ప్రతి ఇంట్లోనూ నేర్పుతారు. బోరం తరగతి పిల్లలు ఆ పెద్దరికాన్ని బోరంకే కట్టబెట్టారు. ఆ పిల్ల ఇన్సులిన్ వేసుకుని, ఆ సూది పెన్నుకి మూత పెట్టి, చెంచా ఎత్తేదాకా బల్ల మీద ఒక్క చెయ్యి కదలదు. ఆ రోజు ఒకడు ఆత్రంగా చేపముక్క మీద చెయ్యి వేస్తే పక్క పిల్ల ఫెడీమని కొట్టింది.

"ఒరే తిండిపోతూ! నాయనమ్మ ఇంకా చెంచా ఎత్తలేదు, కళ్లు పోయాయా?"

నాయనమ్మ చొక్కా సర్దుకుంటూ, "తినండి మనవలూ, తినండి. నాకు పళ్లెక్కడివి?" అని గొంతు వణికించింది. బల్లంతా పగలబడి నవ్వింది.

"ఇదంతా నేను నేర్పింది కాదు," అంది నామ్ టీచరు. "మొదటి ఏడాది రోజూ దాని పక్కన కూర్చుని తిన్నాను, అంతే. తర్వాత వీళ్లే, ఈ చోటు మాది లెమ్మని నన్ను లేపేశారు."

ఆమెది నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుని బతికిన ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఊరి పిల్లల మోకాళ్లకి మందు రాయడంలోనే జుట్టు నెరిసింది. బోరం అంతకుముందు చదివిన బడిలో మరుగుదొడ్డి తలుపేసుకుని సూది వేసుకునేది. ఇక్కడికొచ్చిన మొదటి రోజు కూడా, పెన్ను చేత్తో పట్టుకుని, బాత్రూం ఎటని అడిగింది. "ఎందుకమ్మా, అన్నం కూడా అక్కడే తింటావా?" అంది నామ్ టీచరు. పిల్ల నవ్వలేదు. ఆ నవ్వు రావడానికి చాలా కాలం పట్టింది.

ప్రభుత్వ బడిలో గడువు తీరితే ఎంతటి టీచరుకైనా బదిలీ తప్పదు. ఫలకం స్తంభానికెక్కిన నెలలోనే ఆమె పడవెక్కి దీవిలోని బడికి వెళ్లిపోయింది.

మే నెలలో ఆటల పోటీలకి ఫ్లెక్సీ కట్టడానికి జుహ్యోక్ ఆ దీవికి వెళ్లాడు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది పిల్లలు. షుగరున్నవాళ్లు ఒక్కరూ లేరు. మధ్యాహ్నం ఆమె అతన్ని తన ఎదురుగా కూర్చోబెట్టి అన్నం, ఆవాకు కిమ్చీ పచ్చడి వడ్డించింది. తను మాత్రం తినడం మొదలుపెట్టకుండా ఎటో చూస్తూ ఉండిపోయింది.

"అన్నం చల్లారిపోతోంది టీచర్ గారూ."

ఆమె ఉలిక్కిపడింది. "ఆగడం అలవాటయిపోయింది, పాడు అలవాటు." చెంచా అందుకుంటూ అడిగింది, "ఆ గది తెరిచారా?"

"తెరిచారు. తలుపు మీద బోర్డు నేనే బిగించాను. లోపల ఎవరుంటున్నారో మాత్రం తెలీదు."

"సోఫా మెత్తగా ఉందా?"

"కూర్చోలేదు. ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా?"

"వెళ్లిపోయిన టీచరు పెత్తనం చేస్తే నా చోట్లోకి వచ్చిన కొత్తావిడకి ఎలా ఉంటుంది? బోరంనే అడిగితే బాగున్నానంటుంది. షుగరు పడిపోయి ఒళ్లంతా చెమటలు పడుతున్నా అదే మాట దానిది." గిన్నెలోని అన్నం అటూ ఇటూ కదిపింది కానీ నోట పెట్టలేదు. కిటికీలోంచి యోసు వైపు సముద్రం తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

పడవ వేళయింది. రేవు దాకా ఆమె కూడా నడిచి వచ్చింది. నిచ్చెన పడవలోకి ఎక్కించాక అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఎలాగూ ఆ బడికి పని మీద వెళ్తావు కదా, జుహ్యోక్. ఈసారి భోజనాల వేళకి వెళ్లు. హాలు కిటికీ దగ్గర నిచ్చెన వేసుకుని, బోరం ఎక్కడ కూర్చుందో చూడు. చూసింది చూసినట్టే నాకు చెప్పు. నా మనసు కోసం ఒక్క ముక్క కూడా కలపకు."